అల్యూమినియానికి 10 ఎంఎం మూడు ఫ్లూట్ల కార్బైడ్ ఎండ్‌మిల్: రెండేళ్లు వాడాక

బెంగళూరు పీణ్యలో ఒక జాబ్‌వర్క్ షాపులో వీఎంసీ (కంప్యూటర్‌తో నడిచే నిలువు మిల్లింగ్ మెషీన్) మీద సెట్టర్‌గా, అంటే టూల్స్, జాబులు బిగించి సిద్ధం చేసేవాడిగా, పని చేస్తున్నాను. మా దగ్గర సగం మంది హిందూపురం, మదనపల్లె వైపు వాళ్లమే. వచ్చే పని ఎక్కువగా 6061, హెచ్‌ఈ 30 అనే అల్యూమినియం రకాల ప్లేట్లు, ఫిక్చర్లు, ఎలక్ట్రానిక్స్ హౌసింగులు. ఈ రెండేళ్లలో నేను అన్నిటికన్నా ఎక్కువ అరగదీసిన టూల్ ఇది: కోటింగ్ లేని, 45 డిగ్రీల హెలిక్స్ (అంచుల మెలి వాలు) ఉన్న 10 ఎంఎం మూడు ఫ్లూట్ల (మెటల్ ముక్కలు బయటికొచ్చే గాడుల) ఎండ్‌మిల్, అంటే తిరుగుతూ మెటల్‌ని కోసే కటర్. కంపెనీ పేరు రాయడం లేదు, మూడు నాలుగు కంపెనీలవి వాడాను కాబట్టి. వాటి మధ్య తేడా కన్నా మనం ఇచ్చే స్పీడు (తిరిగే వేగం), ఫీడు (ముందుకు కదిలే వేగం) వల్ల వచ్చే తేడానే చాలా పెద్దది.

మొదట్లో నేను దీన్ని స్టీల్ అలవాటుతో నడిపాను. 3000 ఆర్‌పీఎం, నిమిషానికి 200 ఎంఎం ఫీడు. ఖరీదైన టూల్, మెల్లగా పోతే ఎక్కువ రోజులు వస్తుందనుకున్నాను. లెక్క వేస్తే ఒక్కో చుట్టులో ఒక్కో పంటికి (కోసే అంచుకి) 0.022 ఎంఎం మాత్రమే పడుతోంది. అంత తక్కువైతే అంచు కోయదు, రుద్దుతుంది. రుద్దితే వేడి, వేడెక్కిన అల్యూమినియం జిగురులా అంచుకి పట్టుకుంటుంది. 8 ఎంఎం లోతు స్లాట్ సగంలో ఉండగా కీచుమని సౌండ్ మొదలైంది, ఓవర్‌రైడ్ (నడుస్తుండగానే ఫీడు మార్చే నాబ్) ఇంకా తగ్గించాను, పదిసెకన్లలో టూల్ విరిగింది. బయటికి తీసి చూస్తే ఫ్లూట్లు కనబడటమే లేదు, సీసం కరిగించి పోసినట్టు నిండా మెటల్. జాబ్ కూడా స్క్రాప్. ఆ రోజు మా ప్రోగ్రామర్ అన్న ఆ ముక్కని వెలుతురులో పట్టుకుని, "టూల్ మీద జాలిపడి దాన్ని పస్తు పెట్టావురా తమ్ముడూ" అన్నాడు. అప్పటి నుంచి ఫీడ్ తగ్గించడానికి చెయ్యి పోవాలంటే రెండుసార్లు ఆలోచిస్తాను.

ఇప్పుడు నేను వాడే నంబర్లు చెప్తాను. మా స్పిండిల్ (టూల్‌ని తిప్పే భాగం) గరిష్ఠం 8000 ఆర్‌పీఎం. 10 ఎంఎం టూల్‌కి అంటే కటింగ్ స్పీడు (అంచు కదిలే వేగం) నిమిషానికి సుమారు 251 మీటర్లు. ఈ రకం కార్బైడ్ అల్యూమినియంలో అంతకన్నా చాలా ఎక్కువ స్పీడు కూడా తట్టుకుంటుంది, కాబట్టి మాకు హద్దు టూల్ కాదు, మెషీనే. అందుకే ఆర్‌పీఎం 8000 దగ్గర పెట్టేసి ఆలోచనంతా ఫీడు మీదే పెడతాను. నిండు వెడల్పు స్లాట్‌కి పంటికి 0.05, అంటే నిమిషానికి 1200 ఎంఎం ఫీడు. పక్క నుంచి సగం వెడల్పు రఫింగ్‌కి 0.08, అంటే 1920. ఇక పక్క కోత 1 ఎంఎం మాత్రమే తీసుకుని లోతు నిండుగా 20 ఎంఎం దిగితే అసలు మజా అక్కడే ఉంది: కోత సన్నగా ఉన్నప్పుడు చిప్ (తెగి వచ్చే మెటల్ ముక్క) మనం ఇచ్చిన ఫీడు కన్నా పల్చగా వస్తుంది, 10 శాతం వెడల్పుకి దాదాపు 0.6 వంతే. ఆ లోటు పూడ్చడానికి పంటికి 0.13 దాకా ఇవ్వాలి, నేను 3000 ఫీడులో నడుపుతాను. మొదటిసారి చూసినవాళ్లు ఎమర్జెన్సీ బటన్ మీద చెయ్యి పెట్టుకుని నిలబడతారు. సౌండ్ మాత్రం నిలకడగా, ఒకే శ్రుతిలో ఉంటుంది. చిప్స్ చేతిలోకి తీసుకుని చూడండి, ఒకవైపు అద్దంలా మెరుస్తూ, రెండోవైపు మసకగా, చిన్నగా చుట్టుకుని ఉంటాయి. వేడి చాలావరకు వాటితోనే పోతుంది, జాబ్ మీద చెయ్యి పెడితే గోరువెచ్చగా ఉంటుంది, అంతే.

ఆ గోరువెచ్చదనాన్ని కూడా తేలిగ్గా తీసుకోకండి. 200 ఎంఎం ప్లేటు 10 డిగ్రీలు వేడెక్కితే దాదాపు 0.047 ఎంఎం సాగుతుంది. రఫింగ్ అయిన వెంటనే ఫినిషింగ్ చేసి, కొలిచి ఓకే అనుకుంటే, తెల్లారి ఇన్‌స్పెక్షన్‌లో అండర్‌సైజ్ వస్తుంది. ఇప్పుడు కూలెంట్ బాగా పోసి, చల్లారాకే ఫినిష్ పాస్ వేస్తున్నాను.

నచ్చనివీ ఉన్నాయి. 45 డిగ్రీల హెలిక్స్ కోత మంచిదే కానీ టూల్‌ని కిందికి, జాబ్‌ని పైకి లాగుతుంది. ఒకసారి ఈఆర్ కొల్లెట్ (టూల్‌ని బిగించి పట్టే బుష్) లోంచి టూల్ మెల్లగా జారి పాకెట్ అడుగు 0.3 ఎంఎం లోతైపోయింది. కొల్లెట్ లోపల నూనె తుడవకపోవడమే కారణం. ఇప్పుడు టూల్ మార్చిన ప్రతిసారీ కొల్లెట్, షాంక్ (టూల్ కాడ) రెండూ తుడుస్తాను, డయల్ పెట్టి రనౌట్ (తిరిగేటప్పుడు టూల్ ఊగడం) చూస్తాను. పంటికి 0.05 ఇస్తున్నప్పుడు 20 మైక్రాన్లు ఊగినా పని ఒక పంటి మీదే పడుతుంది.

స్టీల్‌కి వాడే టైటానియం అల్యూమినియం నైట్రైడ్ కోటింగ్ టూల్ మిగిలిందని దీని బదులు పెట్టకండి, మెటల్ ఇంకా ఎక్కువ అంటుకుంటుంది. 5052 అల్యూమినియం ప్లేటు మెత్తన, అది కోటింగ్ లేని టూల్‌కీ అంటుకుంటుంది, అక్కడ కూలెంట్‌ది పెద్ద పని. ఎల్‌ఎం 6 (పోత పోసే అల్యూమినియం రకం) కాస్టింగ్ వస్తే నేను ఈ టూల్ అసలు పెట్టను, అందులో సిలికాన్ 10 శాతం పైనే ఉండి అంచుని గీకేస్తుంది. దానికి డీఎల్‌సీ (వజ్రంలాంటి కార్బన్) కోటింగ్‌ది విడిగా పెట్టుకున్నాను.

అంచు బాగుండి ఫ్లూట్లలో మెటల్ అంటుకున్న టూల్ దొరికితే పారేయకండి. కాస్టిక్ సోడా నీళ్లలో నానబెడితే అల్యూమినియం కరిగిపోతుంది, కార్బైడ్ అలాగే ఉంటుంది. గ్లవ్స్, కళ్లద్దాలు తప్పనిసరి, బయట గాలాడే చోటే చేయండి, హైడ్రోజన్ వస్తుంది.

మీ మెషీన్ 6000 దాటకపోతే 10 బదులు 12 ఎంఎం తీసుకోండి. కటింగ్ స్పీడు నిమిషానికి 226 మీటర్ల దాకా దొరుకుతుంది, పంటికి 0.09 పెట్టి 1620 ఫీడుతో మొదలుపెట్టండి, చిప్ చూసి పెంచండి.