నాచు కాలువలకి 1/32 ఔన్స్ మారబూ జిగ్: నీళ్లు తగ్గే కాలమంతా వాడి చూశాక

ఫ్లోరిడాలో మయామీ, ఫోర్ట్ లాడర్‌డేల్ వైపు ఉంటూ గాలం వేసే అలవాటున్న మనవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. ఇక్కడ ఏ కాలనీ వెనక చూసినా కాలువే, ఏ కాలువలో చూసినా నాచే. హైడ్రిల్లా ఉంటుంది, మన గుర్రపు డెక్క కూడా ఉంటుంది. వాటి సందుల్లో అరచెయ్యంత బ్లూగిల్, రెడ్‌ఇయర్, వార్‌మౌత్ చేపలు బోలెడు. వీటి కోసం ఆన్‌లైన్‌లో దొరికే కలగలుపు జిగ్‌ల (సీసం తల ఉన్న ఎరల) ప్యాకెట్ తెప్పించాను. అందులో మూడు రకాలొచ్చాయి: ముల్లుకి అడ్డంగా తీగ ఉన్న 1/16 ఔన్స్‌వి, రబ్బరు తోకవి, ఉత్త మారబూ ఈకల 1/32 ఔన్స్‌వి. మూడోదాని కోసమైతే ప్యాకెట్ కొనొచ్చు. మొదటి రెండూ బాస్ చేపకి పనికొస్తాయేమో గానీ, చిన్న చేపలకి వద్దు.

ఇప్పటిదాకా వానపాముతోనే వేసినవాళ్లకి ఒక మాట. జిగ్ అంటే ముల్లు మెడ మీద సీసం గుండు పోసి, దాని వెనక ఈకో రబ్బరో కట్టిన ఎర. లైను కట్టే కన్ను పైకి వంచి ఉంటుంది కాబట్టి, నీళ్లలో అది నిలువుగా వేలాడకుండా అడ్డంగా నిలబడుతుంది. ఆ నిలబడటంలోనే అంతా ఉంది. ముడి కన్ను పైభాగాన ఉన్నంతసేపే అలా ఉంటుంది. చేప ఒకటి లాగేసరికి ముడి ముందుకి జారి, జిగ్ ముక్కు పైకెత్తి తోక కిందికి వేసుకుంటుంది. చేపని తీసిన ప్రతిసారీ గోటితో ముడిని మళ్లీ పైకి నెట్టండి. ప్యాకెట్ మీద ఈ సంగతి ఎక్కడా రాయలేదు, రాయాల్సింది.

మారబూ ఈకలు ఒకప్పుడు ఆ పేరున్న కొంగవి. ఇప్పుడు కట్టేవి టర్కీ కోడి మెత్తటి ఈకలు. నీళ్లలోకి దిగాక మనం కర్ర కదపకపోయినా అవి విచ్చుకుంటూ ముడుచుకుంటూ ఉంటాయి, పరిగె పిల్ల ఉన్నచోటే ఉండి రెక్కలాడిస్తున్నట్టు. నాచులో దీని విలువ తెలుస్తుంది. రబ్బరు తోక ఊగాలంటే జిగ్ ముందుకి సాగాలి. నాచు మధ్య మనకి దొరికేది కంచమంత ఖాళీ. అందులో ఎటు లాగినా రెండు జానలకే పచ్చటి ముద్ద చుట్టుకుని వస్తుంది. కాబట్టి లాగకుండానే పనిచేసే ఎర కావాలి. కంచమంత గుంటలోకి నిట్టనిలువునా దించి, అడుగు లోతులో ఆపి, పది అంకెలు లెక్కపెట్టండి. లైను పక్కకి జరిగిందంటే పట్టిందన్నమాట.

ఇక బరువు. 1/16 ఔన్స్ అంటే దాదాపు 1.8 గ్రాములు, 1/32 అంటే 0.9 గ్రాములు. ఈ చిన్న తేడా మనకి తెలియదు, బ్లూగిల్‌కి తెలుస్తుంది. అది ఎరని కొరకదు. చిన్న నోరు తెరిచి నీళ్లతో సహా లోపలికి పీలుస్తుంది. బరువైన గుండు ఆ పీల్పుకి లేవదు. తేలికది నెమ్మదిగా దిగుతుంది, నాచు మీద పడినా కూరుకుపోకుండా పైనే ఆగుతుంది, చిన్నగా ఎత్తితే వచ్చేస్తుంది. నాచు పట్టకుండా ముల్లుకి తీగ అడ్డం పెట్టి చేయాలనుకున్న పని సగం ఈ తేలికతనమే చేస్తోంది. పైగా ఆ తీగ వంగాలంటే చేప గట్టిగా మూయాలి, మనం గట్టిగా కొట్టాలి. బ్లూగిల్ నోటికి అంత చోటు లేదు, సన్న లైనుతో మనం అంత కొట్టలేం. తీగ ఉన్నవాటికి చేప తగలడం చేతికి తెలుస్తూనే ఉంది, ముల్లు మాత్రం దిగదు. ఆ తీగల్ని పట్టకారుతో కత్తిరించేశాక అవీ కాస్త నయమయ్యాయి.

ఈ తేలికదాన్ని రీలుతో దూరం విసరలేం, గాలి ఉంటే అసలే కుదరదు. అందుకని నేను పది పన్నెండు అడుగుల పొడుగు కర్రకి 6 పౌండ్ల బరువు ఆపే లైను కట్టి దించుతాను. మా మావయ్యగారు అమలాపురం నుంచి వచ్చినప్పుడు ఈ కర్ర చూసి సంబరపడ్డారు, జిగ్ చూసి మాత్రం, "ఈకకి చేప పడుద్దంటారా అల్లుడుగారూ?" అన్నారు. వెదురు కర్ర, నెమలి ఈక బెండు, వానపాము, ఇవే ఆయనకి తెలిసిన గాలం. సాయంత్రానికి ఆ కర్ర నా చేతికి రాలేదు.

లైసెన్సు విషయం ఇక్కడే చెప్పాలి, మనవాళ్లలో చాలామంది పొరబడుతున్నారు. రీలు లేని కర్రతో, సహజమైన ఎరతో, సొంత కౌంటీలో పట్టుకునే ఫ్లోరిడా నివాసులకి లైసెన్సు అక్కర్లేదు. జిగ్ సహజమైన ఎర కాదు, కాబట్టి ఆ మినహాయింపు దీనికి రాదు. నివాసులకి ఏడాదికి 17 డాలర్లు. 65 దాటినవాళ్లకి అక్కర్లేదన్న సడలింపు కూడా నివాసులకే, విజిటర్ వీసా మీద వచ్చే మన పెద్దవాళ్లకి కాదు. వాళ్లకి మూడు రోజులకి 17, వారానికి 30, ఏడాదికి 47 డాలర్లు. ఆరు నెలలు ఉండేవాళ్లకి ఏడాదిదే తీసుకోండి.

ఎక్కడ వేయాలంటే, నాకు ఎవర్‌గ్లేడ్స్ అంచున ఉన్న ఎల్-67ఏ కాలువే ఇష్టం. వానలు ఆగాక చిత్తడి నేలల్లో నీళ్లు ఇంకుతూ, అక్కడి చేపలన్నీ కాలువలోకి దిగుతాయి. మార్చి నుంచి వానలు మొదలయ్యేదాకా అదే మంచి కాలం. ఈ కాలువలన్నీ సున్నపురాయిని తవ్వి తీసినవి, గట్టు నిట్టనిలువుగా ఉంటుంది. కాబట్టి చేపలు దూరంగా కాదు, మన కాళ్ల కిందే ఉంటాయి. అలాగని గట్టు చివర గొంతుక్కూర్చోవద్దు, మొసళ్లున్న నీళ్లవి. పట్టినవి వండుకునే ఉద్దేశం ఉంటే, పాదరసం గురించి రాష్ట్ర ఆరోగ్యశాఖ ఏ నీళ్లకి ఏం సూచించిందో ముందు చూసుకోండి.

అప్పుడప్పుడు పీకాక్ బాస్ కూడా వస్తుంది. బయటినుంచి వచ్చి పెరిగిపోయిన చేపల్ని అదుపు చేయడానికి 1984లో ప్రభుత్వమే దాన్ని ఈ కాలువల్లో వదిలింది. దానికి ఈ సన్న ముల్లు ఆగదు, సాగిపోతుంది. నాకు దానిమీద ఫిర్యాదు లేదు. రాతి సందులో ఇరుక్కున్నప్పుడు అలా సాగే ముల్లు కాబట్టే జిగ్ తిరిగొస్తోంది. ఒకసారి వంచి సరిచేసుకోండి, రెండోసారి సాగితే పారేయండి.

ఒకీచోబీ సరస్సుకీ తీసుకెళ్లాను. దాదాపు 730 చదరపు మైళ్ల నీళ్లు, సగటు లోతు మాత్రం 9 అడుగులే. చలికాలంలో అక్కడ క్రాపీ చేపల కోసం వెళ్తారు. క్రాపీ పైకి చూస్తూ తింటుంది, కాబట్టి జిగ్ దానికి పైనే ఉండాలి, కిందికి పోతే పట్టించుకోదు. ఆ మసక నీళ్లలో చిలకపచ్చ పనిచేసింది. తేట కాలువల్లో నలుపూ గోధుమరంగే.

లోపాలు లేకపోలేదు. సగం జిగ్‌ల కన్నుల్లో రంగు గడ్డకట్టి ఉంది, సూదితో పొడిస్తే గానీ లైను దూరలేదు. గట్టు రాళ్లకి రాసుకుంటే తల మీది రంగు పెచ్చులూడుతోంది, దానివల్ల చేపలు తగ్గలేదు గానీ, లోపలున్నది సీసం. పిల్లల చేతికి ఇచ్చారంటే తినేముందు సబ్బుతో కడిగించండి. అయిదుకి నాలుగు ఇస్తాను. ఈసారి కలగలుపు ప్యాకెట్ కాకుండా, 1/32 మారబూలే నలుపు, గోధుమ రంగుల్లో విడిగా తెప్పిస్తున్నాను. వాడినవాటిని ఈకలు పూర్తిగా ఆరాకే పెట్టెలో సర్దండి. తడితో మూస్తే ముల్లు తుప్పు పట్టడమే కాదు, ఈకలు అట్టకట్టి నీళ్లలో విచ్చుకోవు.