పొగ గొట్టంలో పైపు పెట్టి నిజంగా కొలిచే వ్యాన్ – దేవరకొండ రోడ్డు, నల్గొండ

నాది 2013 మోడల్ డీజిల్ ట్రాలీ. తోటల నుంచి బత్తాయి మార్కెట్‌కు కిరాయిలు కొడతాను. పొల్యూషన్ సర్టిఫికెట్ ఏళ్లుగా తీసుకుంటూనే ఉన్నా, పొగ కొలవడం కళ్లారా చూసింది మాత్రం పోయిన నెలలోనే. ఇంతకుముందు నేను వెళ్లే చోట నంబర్ ప్లేటు ఫోటో తీసి, ఇంజన్ ఆపి ఉండగానే కాగితం చేతిలో పెట్టేవారు. నేనూ జేబులో పెట్టుకుని వచ్చేసేవాణ్ణి.

తెల్లారి నాలుగింటికి బండి తీస్తే ఆ నల్లపొగ మా అమ్మ పడుకునే వసారాలోకి పోతుంది. ఆమె దగ్గు వినలేకే ఈ వ్యాన్ దగ్గరికి వెళ్లాను.

వ్యాన్‌లో ఉన్న తమ్ముడు ముందు "ఇంజన్ వేడిగా ఉందా అన్నా?" అని అడిగాడు. పొగ గొట్టంలో పైపు పెట్టి, న్యూట్రల్‌లో యాక్సిలరేటర్ ఒక్కసారిగా ఆఖరుదాకా తొక్కి వదలమన్నాడు. మొదట గొట్టంలోని మసి పోవడానికి రెండు మూడుసార్లు, ఆ తర్వాత లెక్కకు ఇంకొన్నిసార్లు. మిషన్ లోపల ఒక పక్క లైటు, ఎదురుగా సెన్సార్ ఉంటాయట. మధ్యలోకి వచ్చిన పొగ ఎంత వెలుతురును అడ్డుకుంటే అంత రీడింగ్. బీఎస్-3 (బీఎస్ అంటే భారత్ స్టేజ్, బండ్ల పొగకు ప్రభుత్వం పెట్టిన ప్రమాణం) దాకా వచ్చిన డీజిల్ బండ్లకు ఈ రీడింగ్ హద్దు 2.45, బీఎస్-4 వాటికి 1.62. నా బండికి సగటు 2.9 వచ్చింది. ఫెయిల్!

"కొంచెం చూసుకో తమ్ముడూ" అని అడిగాను, అబద్ధం ఎందుకు. అతను ఒప్పుకోలేదు. "ఎయిర్ ఫిల్టర్, నాజిళ్లు చూపించుకుని రా అన్నా" అన్నాడు. మెకానిక్ ఫిల్టర్ తీసి నేలకు కొడితే దోసెడు ఎర్రదుమ్ము రాలింది. ఒక నాజిల్ కారుతోంది కూడా. డీజిల్ సన్నగా చిమ్మకుండా చుక్కలుగా పడితే పూర్తిగా కాలదు, అదే మసి అవుతుంది. రెండూ బాగుచేయించి మళ్లీ వెళ్తే 1.7 వచ్చింది, నా బండి హద్దు 2.45 లోపే కాబట్టి పాస్. ఇప్పుడు వసారా గోడకు మసి అంటడం తగ్గింది, డీజిల్ కూడా కొంత కలిసొస్తోంది.

లోటు ఏమిటంటే, ఈ మిషన్ పొగ నలుపును మాత్రమే చూస్తుంది. కంటికి కనపడని నైట్రోజన్ ఆక్సైడ్ల సంగతి దీనికి తెలియదు. పెట్రోల్ బండ్లకు వేరే మిషన్‌తో కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోకార్బన్లు కొలుస్తున్నారు. గాలి ప్రమాణాలు అందుకోలేని పట్టణాల కేంద్ర జాబితాలో మన నల్గొండ ఉంది. అలాంటి ఊళ్లో కొలవకుండా కాగితం ఇవ్వడం నాకు చాలా బాధగా ఉంది.

ఒక్కో డీజిల్ బండికి పావుగంట పడుతుంది, నీడ లేదు, ఎండలోనే నిలబడాలి. అయినా నా ఓటు దీనికే. బండి కనీసం ఐదారు కిలోమీటర్లు తిప్పి, వేడి మీద ఉండగానే తీసుకెళ్లండి.