మోటర్‌హోమ్ వెనక ఏది మేలు: స్కూటరా, సైకిళ్లా?

మోటర్‌హోమ్‌లో, అంటే మంచాలు, వంటగది ఉన్న బండిలో తిరిగేవాళ్లకి మొదటి ట్రిప్‌లోనే ఎదురయ్యే ఇబ్బంది ఒకటుంది. క్యాంప్‌సైట్‌లో బండి లెవెల్ చేసి, కరెంటు తగిలించి, ఆనింగ్ (బండి పక్కన పరిచే గుడ్డ పందిరి) దించి, స్టవ్ మీద అన్నం పెట్టాక పెరుగు లేదని తెలుస్తుంది. షాపు మూడు కిలోమీటర్ల దూరం. అన్నీ సర్దేసి, ఏడు మీటర్ల బండిని మళ్లీ ఆ ఇరుకు రోడ్ల మీదకి తీసి, పార్కింగ్ వెతుక్కోవడం అయ్యే పని కాదు. అందుకే వెనకాల రెండు చక్రాల బండి ఏదో ఒకటి ఉండాలని అందరూ అనుకుంటారు. మనవాళ్లలో ఎక్కువమంది మనసు స్కూటర్ మీదే ఉంటుంది. యాక్టివా నడిపి పెరిగినవాళ్లకి అది సహజమే.

నా మాట ముందే చెప్పేస్తాను. బ్రిటన్‌లో ఉంటూ 3,500 కిలోల మోటర్‌హోమ్‌లో యూరప్ తిరిగే కుటుంబానికి రెండు ఎలక్ట్రిక్ సైకిళ్లే మేలు. స్కూటర్ కావాలంటే మూడు ఉండాలి: బండిలో గరాజ్ (వెనక మంచం కింద ఉండే సామాన్ల అర), బరువులో మిగులు, చేతిలో సరైన లైసెన్స్. మూడూ ఉన్నవాళ్లు నిశ్చింతగా స్కూటర్ పెట్టుకోవచ్చు. మనవాళ్లలో అలాంటివాళ్లు తక్కువ.

అన్నిటికంటే ముందు చూడాల్సింది బరువు. 1997 జనవరి 1 తర్వాత బ్రిటన్‌లో కారు టెస్ట్ పాసైనవాళ్లకి వచ్చేది బీ కేటగిరీ. దాంతో నడపగలిగే మోటర్‌హోమ్ పరిమితి 3,500 కిలోలు. అంతకు మించితే సీ1 అనే పెద్ద బండ్ల కేటగిరీ కావాలి, దానికి మెడికల్, వేరే టెస్ట్. ఐటీ ఉద్యోగాలకి వచ్చిన మన తరమంతా ఈ బీ లెక్కలోనే ఉంది. ఇప్పుడు ఒక మామూలు బండి తీసుకోండి. డ్రైవర్‌తో, డీజిల్‌తో కలిపి 3,050 కిలోలు అనుకుందాం. మిగిలేది 450. అందులో భార్య, ఇద్దరు పిల్లలు కలిసి 130. ఆనింగ్, రెండో బ్యాటరీ, సోలార్ ప్యానెల్ కలిపి 60. నీళ్ల ట్యాంకు నింపితే ఇంకో 80. బట్టలు, కుర్చీలు, బియ్యం, కుక్కర్, పచ్చళ్ల సీసాలు అన్నీ చేరి 100 దాటకుండా ఉంటే గొప్ప. ఇక చేతిలో ఉన్నది 80 కిలోలు.

హోండా పీసీఎక్స్ 125 లాంటి స్కూటర్ ఒక్కటే దాదాపు 130 కిలోలు. దాన్ని మోసే ర్యాక్ మరో 40 వేసుకోండి. మొత్తం 170. లెక్క అక్కడే తప్పింది. ఎలక్ట్రిక్ సైకిల్ ఒక్కోటి 25 కిలోలు, ర్యాక్ 10. రెండు సైకిళ్లతో 60 కిలోలు, సరిపోతుంది. మామూలు సైకిళ్లయితే ఇంకా సుఖం, ఒక్కోటి 15 కిలోల లోపే.

బరువు ఎంత అన్నది ఒక ఎత్తు, ఎక్కడ పెట్టామన్నది ఇంకో ఎత్తు. సైకిల్ క్యారియర్ మీద బియ్యం బస్తా మరీ వెనక్కి పెడితే ముందు చక్రం తేలిపోతుంది కదా, మోటర్‌హోమ్‌లోనూ అదే జరుగుతుంది. ఫియట్ డుకాటో వ్యాన్ మీద కట్టిన బండిలో ముందు, వెనక ఇరుసుల మధ్య దూరం దాదాపు 4 మీటర్లు. వెనక ఇరుసుకి 2.5 మీటర్లు వెనకాల 170 కిలోలు వేలాడదీస్తే, వెనక ఇరుసు మీద పడే అదనపు బరువు 170 కాదు, దాదాపు 275. ఆ ఎక్కువైన 105 కిలోలు ముందు ఇరుసు మీద నుంచి లేచిపోతాయి. డుకాటోలో ఇంజన్ తిప్పేది ముందు చక్రాల్నే, స్టీరింగూ వాటిదే. తడి గడ్డి మీద నుంచి బయటికి రావాలన్నా, వానలో బ్రేక్ వేయాలన్నా ఆ ముందు చక్రాలు నేలని గట్టిగా పట్టుకోవాలి. అదీ కాక, 3,500 కిలోల లైట్ ఛాసీలో (తేలిక రకం చట్రంలో) వెనక ఇరుసు పరిమితి సాధారణంగా 2,000 కిలోలు. మొత్తం బరువు లోపలే ఉన్నా వెనక ఇరుసు దాటిపోయి ఉండొచ్చు. అదీ ఓవర్‌లోడే. ఫైనే కాదు, ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ దగ్గర పేచీ వస్తుంది. వెనక టైర్లు వేడెక్కి పగలడం అన్నిటికంటే భయపడాల్సిన విషయం, లోపల పిల్లలుంటారు కాబట్టి.

అందుకే ఏది కొన్నా కొనకముందే ట్రిప్‌కి వెళ్లేటట్టు బండి నింపి, అందర్నీ ఎక్కించుకుని, లారీలు కాటా వేయించుకునే పబ్లిక్ వేబ్రిడ్జికి వెళ్లండి. ముందు ఇరుసు, వెనక ఇరుసు, మొత్తం, మూడూ విడివిడిగా తూయించండి. బండి ప్లేట్ మీద ఉన్న అంకెలతో పోల్చి చూడండి. ఖర్చు కొద్ది పౌండ్లే, టెన్షన్ మొత్తం తీరిపోతుంది.

గరాజ్ ఉన్న బండిలో కథ వేరు. వెనక మంచం కింద అడ్డంగా ఉండే ఆ అరలో స్కూటర్ పెడితే ఇరుసుకి చాలా దగ్గరగా ఉంటుంది, వాన తగలదు, దొంగల కంట పడదు. మీటరున్నర వెనకాల 130 కిలోలు పెడితే వెనక ఇరుసు మీద పడేది 180 దాకానే. ర్యాక్ బరువూ ఉండదు. కాకపోతే గరాజ్ నేలకి కంపెనీ ఇచ్చిన పరిమితి ఎంతో చూడాలి. కొన్నిటికి 150, కొన్నిటికి 250. తలుపు ఎత్తు టేపు పెట్టి కొలవాలి, అద్దాలు విప్పితే గానీ దూరని స్కూటర్లున్నాయి. నాలుగు వైపులా రాట్చెట్ బెల్టులతో బిగించాలి. పైన మంచం మీద పిల్లలు పడుకుంటారు, పెట్రోల్ వాసన విషయంలో మాత్రం రాజీ పడొద్దు.

ట్రైలర్ గురించీ అడుగుతుంటారు. స్కూటర్ బరువు బండి మీద నుంచి దిగిపోతుంది, నిజమే. 750 కిలోల లోపు ట్రైలర్‌కి బీ లైసెన్స్ చాలు. కానీ ట్రైలర్ తగిలించే టో బార్ బరువు బండి లెక్కలోకే వస్తుంది, ఫెర్రీకి పొడవుని బట్టి ఎక్కువ కట్టాలి, బ్రిటన్ మోటర్‌వేలో 60 మైళ్లు, జర్మనీలో మామూలుగా 80 కిలోమీటర్లు దాటకూడదు. ఫ్రాన్స్‌లో చిన్న ఊళ్ల పార్కింగ్‌లోకి తీసుకెళ్లి రివర్స్ చేయాలంటే చుక్కలు కనిపిస్తాయి. నెలల తరబడి ఒకేచోట ఉండే రిటైరైనవాళ్లకి ఓకే.

మనవాళ్లు అస్సలు ఆలోచించని విషయం లైసెన్స్. ఊళ్లో పదేళ్లు స్కూటర్ నడిపాం కదా అనుకుంటారు. ఇండియా లైసెన్స్‌ని బ్రిటన్ లైసెన్స్‌గా మార్చుకునే వీల్లేదు, బ్రిటన్‌లో స్థిరపడ్డాక 12 నెలల వరకే అది చెల్లుతుంది. కారు టెస్ట్ పాసైనా 125 సీసీ స్కూటర్ నడపాలంటే సీబీటీ అనే ఒక రోజు శిక్షణ చేసి, ఎల్ ప్లేట్లు కట్టుకోవాలి. ఆ ఎల్ ప్లేట్లతో వెనకాల ఎవర్నీ ఎక్కించుకోకూడదు. భార్యాభర్తలు కలిసి వెళ్దామని స్కూటర్ కొంటే, ఒకరు నడుస్తూ రావాలి. పైగా సీబీటీ బ్రిటన్ బయట చెల్లదు. స్కూటర్‌ని ఇటలీ దాకా మోసుకెళ్లి, అక్కడ తాళం తీయకుండా వెనక్కి తెచ్చుకోవాలన్నమాట. ఏ1 లాంటి పూర్తి బైక్ టెస్ట్ పాసైతేనే ఈ చిక్కులు పోతాయి. జర్మనీలో ఉన్న మనవాళ్లకీ ఇలాంటిదే: కారు లైసెన్స్‌కి బీ196 చేర్చుకుంటే 125 నడపొచ్చు, కానీ జర్మనీ లోపలే. 250 వాట్ల, గంటకి 25 కిలోమీటర్ల దాకా తోడ్పడే ఎలక్ట్రిక్ సైకిల్‌కి బ్రిటన్‌లో గానీ ఈయూలో గానీ లైసెన్స్, రిజిస్ట్రేషన్ ఏవీ అక్కర్లేదు.

అలాగని స్కూటర్ సుఖాన్ని తక్కువ చేయను. అమాల్ఫీ లాంటి కొండ తీరంలో మోటర్‌హోమ్‌లకి ఆంక్షలుంటాయి, సైకిల్ తొక్కుదామంటే ఎండ, మలుపులు, ఎత్తు. అక్కడ స్కూటర్‌ని మించింది లేదు. ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చినప్పుడు అరవై ఐదేళ్ల నాన్నని ఎలక్ట్రిక్ సైకిల్ ఎక్కమనలేం, స్కూటర్ వెనకాల హాయిగా కూర్చుంటారు. ముప్పై, నలభై కిలోమీటర్లు తిరిగి రావడం దానికి లెక్కే కాదు.

కానీ మనం ఎక్కువగా వెళ్లే చోట్లు ఎలాంటివి? డాన్యూబ్ ఒడ్డున పాసావు నుంచి వియన్నా దాకా, ఫ్రాన్స్‌లో లువార్ నది వెంట, నెదర్లాండ్స్‌లో ఎటు చూసినా సైకిళ్లకి ప్రత్యేకమైన దారులే. క్యాంప్‌సైట్ గేటు నుంచి ఊరి నడిబొడ్డు దాకా కారు ఎదురవకుండా పిల్లలతో వెళ్లొచ్చు. ఆ దారుల్లో 125 స్కూటర్‌కి ప్రవేశమే ఉండదు.

సైకిళ్లకీ జాగ్రత్తలున్నాయి. ఫియామా క్యారీ-బైక్ లాంటి ర్యాక్‌ని వెనక గోడకి బిగించేటప్పుడు రంధ్రాల్లో సీలెంట్ సరిగ్గా పెట్టకపోతే నీళ్లు దిగి, లోపల చెక్క కుళ్లిపోతుంది. ఈ పని అనుభవమున్నవాళ్లతోనే చేయించండి. ర్యాక్ పరిమితి 50 కిలోలా, 60 కిలోలా చూసుకుని, ప్రయాణంలో బ్యాటరీలు తీసి లోపల పెట్టండి. ఒక్కోటి మూడు కిలోల దాకా తగ్గుతుంది, ఎత్తడమూ తేలికే. 500 వాట్-అవర్ల బ్యాటరీని ఇన్వర్టర్ మీద ఛార్జ్ చేస్తే 12 వోల్టుల బ్యాటరీ నుంచి దాదాపు 50 యాంపియర్-అవర్లు పోతాయి, రాత్రికి లైట్లు ఉండవు. హుకప్ కరెంటు (క్యాంప్‌సైట్ వాళ్లిచ్చే కనెక్షన్) ఉన్న రోజే ఛార్జింగ్ పెట్టుకోండి. నంబర్ ప్లేట్, వెనక లైట్లు కనబడాలి, లేకపోతే లైటింగ్ బోర్డు కట్టాలి. ఇటలీ, స్పెయిన్‌లలో వెనక్కి పొడుచుకొచ్చే సామానుకి ఎర్ర, తెల్ల చారల 50 సెంటీమీటర్ల చదరపు బోర్డు తప్పనిసరి. స్కూటర్‌కైనా ఇదే రూల్.

ఇద్దరే తిరిగేవాళ్లకి బ్రాంప్టన్ లాంటి మడత సైకిళ్లు ఇంకా సులువు. పన్నెండు కిలోల లోపే, లోపలే పెట్టుకోవచ్చు, గోడకి ఒక్క రంధ్రం కూడా పడదు. చక్రాలు చిన్నవి, కొండలెక్కవు, అంతే తేడా.

ఏడాదికి ఒక్కసారి మోటర్‌హోమ్ అద్దెకి తీసుకునేవాళ్లు ఇవేవీ కొనక్కర్లేదు. సైకిళ్లు దిగిన ఊళ్లోనే దొరుకుతాయి. సొంత సైకిళ్లే కావాలంటే బుకింగ్ అప్పుడే ర్యాక్ అడగండి, అది ఎన్ని కిలోలు మోస్తుందో, బండికి ఎంత పేలోడ్ (ఇంకా మోయగలిగే బరువు) మిగిలిందో మెయిల్‌లో రాయించుకోండి. ఆరుగురు పడుకునే బండి అని చూసి మురిసిపోవద్దు. ఆరుగురు ఎక్కాక సూట్‌కేసులకి చోటు ఉన్నా వాటి బరువు మోసే వీలు లేని బండ్లు వాటిలో చాలా ఉన్నాయి.