వయొలిన్ల కేకా, కాకుల నిశ్శబ్దమా: భయానికి ఏది మేలు?

ఆల్ఫ్రెడ్ హిచ్‌కాక్ మూడేళ్ల తేడాతో రెండు భయం సినిమాలు తీశాడు. 1960లో ‘సైకో’కి పట్టిన దారి ఒకటి, 1963లో ‘ది బర్డ్స్‌’కి పట్టిన దారి ఇంకొకటి.

‘సైకో’లో స్నానాల గది హత్య నిమిషం కూడా ఉండదు. తీయడానికి మాత్రం వారం పట్టింది. ఎత్తిన కత్తి, అరిచే నోరు, షవరు నీళ్లు, తడబడే పాదాలు... ఏ షాట్ మీదా కన్ను నిలవనివ్వడు. కత్తి ఒంట్లో దిగడం కళ్లారా చూశామనే అనుకుంటాం గానీ, ఆ గాయంలో ఎక్కువ భాగం మన మనసు కల్పించుకున్నదే. ఆ ముక్కలన్నింటినీ కలిపి కుట్టేది బెర్నార్డ్ హెర్మన్ వయొలిన్లు. ఈ సినిమా సంగీతమంతా ఆయన తంత్రీ వాద్యాలతోనే నడిపాడు. ఈ హత్యకు సంగీతం వద్దని హిచ్‌కాక్ మొదట అనుకున్నాడు; హెర్మన్ బాణీ విన్నాక మనసు మార్చుకున్నాడు.

పక్షులు మనుషుల మీద దాడి చేసే ‘ది బర్డ్స్‌’కి మామూలు నేపథ్య సంగీతమే లేదు. అదే హెర్మన్ ఇక్కడ శబ్దాలకు సలహాదారు. పక్షుల రొదలో చాలా భాగాన్ని ట్రాటోనియం అనే ఎలక్ట్రానిక్ వాద్యం మీద పుట్టించారు.

అందులో బడి దగ్గరి సన్నివేశం చూడండి. కథానాయిక బెంచీ మీద కూర్చుని సిగరెట్ వెలిగిస్తుంది. లోపల పిల్లలు పాట పాడుతున్నారు. ఆమె వెనక, పిల్లలు ఎక్కి ఆడుకునే ఇనుప కమ్మీల మీద ఒక కాకి వాలుతుంది. తర్వాత ఇంకొన్ని. ఆమెకు తెలియదు, మనకు తెలుసు. అప్పుడు దర్శకుడు కాకులను చూపడం మానేసి, ఆమె ముఖం మీదే చాలాసేపు ఉండిపోతాడు. పాట చరణం తర్వాత చరణం సాగుతూనే ఉంటుంది. చివరికి ఆకాశంలో ఎగిరే ఒక కాకిని చూసి, అది వాలేదాకా చూపుతో వెంబడిస్తుంది. అక్కడ కమ్మీలన్నీ నల్లబడిపోయి ఉన్నాయి.

నా ఓటు ఈ కాకులకే. కత్తి దెబ్బ ఉలిక్కిపడేలా చేస్తుంది, కానీ ఉలికిపాటు క్షణంలో పోతుంది. కాకుల భయాన్ని మాత్రం ఆ ఎదురుచూపులో మనంతట మనమే పెంచుకుంటాం. పైగా వయొలిన్ల కేకను అనుకరించడం తేలిక. తలుపు కిర్రుమంటే చాలు చెవులు పగిలేలా వాయించే సినిమాలు ఎన్ని చూడలేదు! నిశ్శబ్దాన్ని నమ్ముకోవాలంటే దర్శకుడికి తన దృశ్యం మీద గట్టి నమ్మకం ఉండాలి.

అలాగని సంగీతానిది చిన్న పని అనలేను. ‘సైకో’లోనే నలభై వేల డాలర్లు కాజేసిన యువతి వానలో కారు నడిపే ఘట్టాన్ని ఒకసారి శబ్దం ఆపేసి చూడండి. ఒక ముఖం, ఒక అద్దం, అటూ ఇటూ ఆడే వైపర్లు. ఉత్త ప్రయాణం. శబ్దం పెట్టగానే గుండె బిగుసుకుంటుంది. బొమ్మలో లేని గుబులు తీగల మీంచే వచ్చింది.

నా మట్టుకు ఈ రెండు దారులూ కలిసిన చోటు భయంలో కాదు, దుఃఖంలో ఉంది. సత్యజిత్ రాయ్ ‘పథేర్ పాంచాలీ’లో (1955) ఊరి నుంచి తిరిగొచ్చిన తండ్రి, కూతురు చనిపోయిందని తెలియక, ఆమె కోసం తెచ్చిన చీరను భార్య చేతిలో పెడతాడు. ఆమె ఆ చీరను ముఖానికి అదుముకుని కూలిపోతుంది. నోరు తెరుచుకుంటుంది గానీ గొంతు వినిపించదు. ఆ చోట రవిశంకర్ సంగీతంలోని తార్‌ షెహనాయి అనే తీగల వాద్యం పైస్థాయిలో ఏడుస్తుంది.