పన్నెండు టెన్సుల పట్టికా, నాలుగు రూపాలా: ఏది మేలు?

ఇంగ్లీషు క్రియలు నేర్చుకోవడానికి మనవాళ్లు పట్టే దారులు మూడు. పన్నెండు టెన్సుల పట్టికను బట్టీ పట్టడం ఒకటి. క్రియకున్న నాలుగు రూపాలు పట్టుకుని, వాటిని డూ, బీ, హ్యావ్, విల్ లాంటి సహాయక క్రియలతో కలపడం రెండోది. వ్యాకరణం జోలికి పోకుండా వింటూ, విన్నది అంటూ పోవడం మూడోది. నేను మొదటి దారిలో నేర్చుకుని రెండో దారిలో చక్కబడ్డాను. అందుకే నా మొగ్గు రెండోదాని వైపే. ఇక్కడ మాట్లాడేది వాక్, ప్లే, వాంట్ లాంటి రెగ్యులర్ క్రియల గురించి, అంటే గతానికి చివర ఈడీ (ed) చేర్చుకునేవాటి గురించి.

ముందు పట్టిక సంగతి. మూడు కాలాలు, ఒక్కో కాలంలో నాలుగు తీరులు, వెరసి పన్నెండు. ఐ, వి, యు, హి, షి, ఇట్, దే అని ఏడు కర్తలు. అవునని ఒక వాక్యం, కాదని ఒకటి, అవునా అని ఒకటి, కాదా అని ఒకటి. 12ను 7తో, మళ్లీ 4తో గుణిస్తే 336 వాక్యాలు, ఒక్క వాక్ కోసం! ఆ నోట్‌బుక్ తెరిస్తేనే పిల్లలకు టెన్షన్ పట్టుకుంటుంది. నిజానికి ఆ 336 వాక్యాల్లోనూ క్రియ కనిపించేది నాలుగు రూపాల్లోనే: వాక్, వాక్స్, వాక్డ్, వాకింగ్. మనం నడిచాను, నడిచావు, నడిచాడు, నడిచింది, నడిచాం, నడిచారు, నడిచాయి అంటాం. ఇంగ్లీషులో వీళ్లందరికీ వాక్డ్ ఒక్కటే చాలు. ఇంత సులువైన సంగతి పట్టికలో పడి కనిపించకుండా పోతుంది.

రెండో దారికి ఆయువుపట్టు ఒక్క సూత్రం: వాక్యంలో క్రియకు సంబంధించిన మాటలు ఎన్ని ఉన్నా, కాలాన్ని మోసేది వాటిలో మొదటిదే. షి వాక్డ్ అన్నప్పుడు ఉన్నది ఒకే మాట, కాబట్టి అదే మోస్తుంది. షి వాజ్ వాకింగ్‌లో వాజ్ మోస్తుంది. షి హ్యాజ్ బీన్ వాకింగ్‌లో హ్యాజ్. షి డిడ్ నాట్ వాక్‌లో గతమంతా డిడ్ తీసుకుంది, వాక్ మామూలుగా మిగిలింది.

మనలో చాలామంది నోట వినిపించే తప్పు ‘డిడ్ నాట్ వాక్డ్’. పట్టిక మొత్తం నోటికి వచ్చిన తర్వాత కూడా నేను ఏళ్ల తరబడి అలాగే అన్నాను. దాన్ని వదిలించింది తెలుగే. నడిచాను అంటాం, కానీ ‘నడిచాను లేదు’ అనం, నడవలేదు అంటాం. ‘లేదు’ వచ్చి గతాన్ని తన మీద వేసుకోగానే చాను, చాడు, చింది అన్నీ ఊడిపోతాయి. నేను నడవలేదు, ఆవిడ నడవలేదు, వాళ్లు నడవలేదు. డిడ్ నాట్ చేసే పని కూడా అచ్చంగా ఇదే. ఈ పోలిక తట్టాక ఆ తప్పు మళ్లీ నా నోట రాలేదు. షి వాక్స్ అన్నది డజ్ షి వాక్ అయినప్పుడు కూడా అంతే, చివరి ఎస్ డజ్‌లోకి వెళ్లిపోయింది.

ఇక జతలు. డూ, విల్ తర్వాత వాక్. బీ (యామ్, ఈజ్, వాజ్, బీన్ అన్నీ దాని రూపాలే) తర్వాత వాకింగ్ (పాసివ్ వాయిస్ సంగతి వేరు). హ్యావ్ తర్వాత వాక్డ్. అందరూ జడిసే ‘విల్ హ్యావ్ బీన్ వాకింగ్’ను ఈ జతలతో విప్పి చూడండి: విల్ తర్వాత మార్పు లేని హ్యావ్, హ్యావ్ తర్వాత బీన్ (వాక్‌కు వాక్డ్ ఎలాగో బీకి బీన్ అలాగ), బీన్ తర్వాత వాకింగ్. బట్టీ పట్టాల్సిన అవసరం రాలేదు.

మూడో దారి గెలిచేది ఉచ్చారణలో. రాసేటప్పుడు అన్నిటికీ చివర ఈడీయే. పలికేటప్పుడు మాత్రం వాక్డ్ చివర ట్, ప్లేడ్ చివర డ్, వాంటెడ్ చివర ఇడ్. అసలు క్రియ ట్ లేదా డ్ శబ్దంతో ముగిస్తేనే ఆ ఇడ్ వస్తుంది. కంటితో మాత్రమే నేర్చుకున్నవాళ్లు ‘వాక్ ఎడ్’ అని రెండు ముక్కలు చేసి పలుకుతారు. అయితే వినికిడి ఒక్కటే సరిపోదు. ‘వాక్డ్ టు’ అని వేగంగా అన్నప్పుడు మొదటి ట్ రెండోదానిలో కలిసిపోతుంది. చెవికి వాక్ టు అనే వినిపిస్తుంది. విన్నదే నమ్ముకున్నవాళ్లు రాతలో ఈడీని వదిలేసేది అందుకే. స్టాప్‌కు పీ రెట్టింపవుతుందనీ, ట్రైలో వై పోయి ఐ వస్తుందనీ చెవి చెప్పదు.

పట్టికను పూర్తిగా పక్కన పెట్టమనను. మన ‘నడుస్తాడు’ రోజూ చేసే పనికీ, రేపు చేయబోయే పనికీ సరిపోతుంది. ఇంగ్లీషులో వాక్స్ వేరు, విల్ వాక్ వేరు. ‘రెండు గంటల నుంచి నడుస్తున్నాను’ అనేదాన్ని మనం ‘ఐ యామ్ వాకింగ్’ అని మొదలుపెట్టేస్తాం. అక్కడ కావలసింది ‘ఐ హ్యావ్ బీన్ వాకింగ్ ఫర్ టూ అవర్స్’. రూపాలు కలపడం వచ్చినంత మాత్రాన ఈ తేడా తెలియదు. టెన్సులను పక్కపక్కన పెట్టి చూస్తేనే తెలుస్తుంది. కాబట్టి జతలు వచ్చాక పట్టికను మీరే సొంతంగా నింపండి. అప్పుడది నిజంగా పనికొస్తుంది.

గో, సీ, టేక్ లాంటి ఇర్రెగ్యులర్ క్రియల మాటేమిటని అడగవచ్చు. ఎక్కువగా వాడేవి అవే, వాటి రూపాలు నేర్చుకోక తప్పదు. కానీ జతలు మారవు. వాక్డ్ ఉన్న చోట సా, సీన్ అని రెండు రూపాలు వస్తాయి, అంతే. పైగా భాష నడక రెగ్యులర్ వైపే ఉంది. ఒకప్పుడు హోల్ప్ అన్నది ఇప్పుడు హెల్ప్డ్ అయింది. గూగుల్, టెక్స్ట్ లాంటి కొత్త క్రియలు వచ్చీ రాగానే ఈడీ తగిలించుకున్నాయి.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లు వాక్, ప్లే, వాంట్ ఈ మూడే తీసుకోండి. చివరి శబ్దాలు మూడూ వీటిలోనే వచ్చేస్తాయి. ఒక్కోదాన్ని గతంలో చెప్పి, వెంటనే కాదని చెప్పి, ఆ వెంటనే ప్రశ్నగా అడగండి, పైకి వినిపించేలా: షి ప్లేడ్. షి డిడ్ నాట్ ప్లే. డిడ్ షి ప్లే?