బ్రాడీపేటలో సి ట్యూషన్: డౌట్ తీరుతుంది, ఏసీ మాత్రం ఆశించకండి

సి (కంప్యూటర్ ప్రోగ్రాంలు రాసే భాష) ట్యూషన్ అంటే బోర్డు మీద ప్రోగ్రాం రాసి కాపీ చేసుకోమనే రకమే గుంటూరులో ఎక్కువ చూశాను కాబట్టి, బ్రాడీపేటలో మేడ మీద రెండు గదుల్లో నడిచే ఈ ట్యూషన్‌కి మా మేనల్లుడిని తీసుకెళ్లేటప్పుడు పెద్దగా ఆశలేం పెట్టుకోలేదు. వాడిది బీటెక్ ఫస్టియర్. తేదీ ఇస్తే ఏ వారమో చెప్పే ప్రోగ్రాం రాశాడు. ఇంట్లో లాప్‌టాప్‌లో శుభ్రంగా నడుస్తుంది, కాలేజీ ల్యాబ్‌లో తేడా కొడుతుంది. ల్యాబ్‌లో ఉన్నాయన "నెట్‌లో ఎత్తుకొచ్చావా" అన్నాడట, అంతకుమించి ఒక్క ముక్క చెప్పలేదు.

ఇక్కడి సార్ దగ్గర నాకు మొదట నచ్చింది, ల్యాబ్‌ల్లో ఉండే పాత టర్బో సి (సి ప్రోగ్రాంని నడిపించే కంపైలర్) ఒక సిస్టంలో అట్టే పెట్టుకోవడం. తప్పు ఎక్కడొస్తుందో అక్కడే చూడాలి కదా. కోడ్ ముట్టుకోలేదు, కీబోర్డు వాడి దగ్గరే ఉంచి తేదీలు చెప్పడం మొదలుపెట్టారు. 1947 ఆగస్టు 15 కొడితే శుక్రవారం, కరెక్ట్. ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన 1953 అక్టోబర్ 1 గురువారం, అదీ కరెక్టే. 2014 జూన్ 2 కొడితే ఏమీ రాలేదు, ఖాళీ. 2006 ఆగస్టు 15 ఆదివారం అంది, నిజానికి అది మంగళవారం. ఇంకొన్ని కొత్త తేదీలు ఇచ్చి చూస్తే మంగళవారాలన్నీ ఆదివారాలే, మిగతా వారాలన్నీ ఖాళీ! "ఎప్పట్నుంచి చెడిందో నువ్వే కనుక్కోరా" అని సార్ టీకి వెళ్లిపోయారు. గంటకి మూడొందలు తీసుకుని ఇదేం పని అని నాకు ఒళ్లు మండింది గానీ, వాడు సంవత్సరాలని సగం సగం చేసుకుంటూ వెతికి, ఆయన వచ్చేసరికి 1989 సెప్టెంబర్ దగ్గర పట్టుకున్నాడు.

విషయం ఏంటంటే, వాడి ప్రోగ్రాం 1900 జనవరి 1 నుంచి రోజులు లెక్కపెట్టి ఏడుతో భాగిస్తుంది. టర్బో సిలో ఇంట్ (పూర్ణసంఖ్యని దాచే చోటు) అంటే రెండు బైట్లే, 32767 దాటితే పట్టదు, మైనస్‌లోకి తిరగబడుతుంది. రోజుల లెక్క సరిగ్గా ఆ సెప్టెంబర్‌లోనే అది దాటుతుంది. మైనస్ సంఖ్యని ఏడుతో భాగిస్తే సిలో శేషం కూడా మైనస్సే వస్తుంది, ఏ శేషానికి ఏ వారమో చూసే వాడి స్విచ్‌లో మైనస్‌కి కేసు లేదు, అందుకే ఖాళీ. శేషం సున్నా వచ్చినప్పుడు మాత్రం ఆదివారం. లాప్‌టాప్‌లో కొత్త కంపైలర్, ఇంట్ నాలుగు బైట్లు, కాబట్టి అక్కడ గొడవే లేదు. ఇంట్ తీసి పెద్ద సంఖ్యలు పట్టే లాంగ్ పెట్టగానే ల్యాబ్ సమస్య పోయింది.

నేనైతే అక్కడితో లేచేసేవాణ్ని. సార్ కోడ్‌లో చివర రోజుల లెక్కలోంచి ఒకటి తీసేసే "- 1" చూపించి ఇదెందుకురా అన్నారు. "అది తీసేస్తే అన్నీ ఒకరోజు ముందుకెళ్తున్నాయి సార్" అన్నాడు మావాడు, అమాయకంగా. 1900 జనవరి 1 కొట్టించారు, ఆదివారం వచ్చింది, అసలు అది సోమవారం. నాలుగుతో భాగిస్తే చాలు లీపు సంవత్సరం అనుకున్నాడు వీడు. వందతో భాగించబడేది నాలుగొందలతో కూడా భాగించబడితేనే లీపు, 2000 లీపు, 1900 కాదు. లేని ఫిబ్రవరి 29ని లెక్కలో కలిపేసి, ఆ తప్పు కనపడకుండా చివర ఒకటి తీసేశాడన్నమాట. ఎక్సెల్ కూడా తనకంటే ముందొచ్చిన లోటస్ స్ప్రెడ్‌షీట్‌తో పొత్తు కుదరడానికి 1900ని లీపుగానే ఉంచేసుకుందని సార్ 29-02-1900 టైప్ చేసి చూపించారు, నోరు మూసుకుని తీసుకుంది! మావాడికి పోయిన ప్రాణం తిరిగొచ్చింది.

ఇక తిట్లు. ఫోన్ ఎత్తరు, వెళ్లాల్సిందే. కింద బండి పెట్టుకోవడానికి చోటు లేదు. మే నెలలో ఆ ఫ్యాన్ కింద గంట కూర్చోవడం పిల్లల వల్ల కాదు. జావా, పైథాన్ డౌట్లు కూడా చూస్తామని బోర్డు మీద ఉంది గానీ వాటికి వచ్చే కుర్రాడు పీపీటీలు తిప్పుతాడు, దండగ. రేపు సబ్మిషన్ పెట్టుకుని ఇవాళ వెళ్లేవాళ్లకి ఈ ట్యూషన్ పనికిరాదు, రెడీమేడ్ కోడ్ ఇవ్వమంటే సార్ మొహం మీదే పొమ్మంటారు. సి కోసమైతే సాయంత్రం బ్యాచ్ రాకముందే వెళ్లండి, ఫోన్‌పే తీసుకోరు, చిల్లర పట్టుకెళ్లండి.