డెంటల్ సీటుకు పోటీ ఎంత? రెండు నీట్‌లు, ఒక బీడీఎస్ తర్వాత నా సమీక్ష

నేను నీట్ రెండుసార్లు రాశాను. 2019 మే 5న మొదటిసారి, 2020 సెప్టెంబరు 13న రెండోసారి. రెండోసారి వచ్చిన ర్యాంకుతో ఒక ప్రైవేటు కాలేజీలో కన్వీనర్ కోటా (తక్కువ ఫీజు సీట్లు) కింద బీడీఎస్‌లో, అంటే డెంటల్ డిగ్రీలో చేరాను. ఇప్పుడు హౌస్ సర్జన్సీ (చివరి ఏడాది ఇంటర్న్‌షిప్) చివరి నెలల్లో ఉన్నాను. మాది గుంటూరు. నాన్న మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్టులో గుమస్తా. మా వీధిలో బైపీసీ పిల్లలున్న ప్రతి ఇంటివాళ్లూ ఏదో ఒకరోజు నన్ను ఆపి అడుగుతారు: "డెంటల్ అయితే తేలిగ్గానే వస్తుందంట కదమ్మా?" నిలబడి రెండు ముక్కల్లో చెప్పే జవాబు కాదది. అందుకే కూర్చుని రాస్తున్నాను.

డెంటల్‌కి వేరే పరీక్ష లేదు. ఎంబీబీఎస్‌కీ బీడీఎస్‌కీ ఒకటే నీట్. ఫిజిక్స్ 45, కెమిస్ట్రీ 45, బయాలజీ 90, మొత్తం 180 ప్రశ్నలకు 720 మార్కులు. ఒప్పుకు నాలుగు, తప్పుకు ఒకటి కోత. నేను రాసిన 2020లో పరీక్షకు హాజరైనవాళ్లు 13.66 లక్షల మంది. 2025కి అది 22 లక్షలు దాటింది. వీళ్లందరూ ఒకే వరుసలో నిలబడతారు, ముందు నుంచి ఎంబీబీఎస్ సీట్లు నిండుతూ వస్తాయి, ఆ వరుస ఎక్కడ ఆగితే అక్కణ్ణుంచి బీడీఎస్ మొదలవుతుంది. కాబట్టి డెంటల్ కటాఫ్‌ను నిర్ణయించేది డెంటల్ కోరుకునేవాళ్లు కాదు, ఎంబీబీఎస్ అంచున ఆగిపోయినవాళ్లు. ఈ సంగతి నాకు మొదటి ఏడాది ఎవరూ చెప్పలేదు.

దీని ఫలితం ఏమిటంటే ప్రభుత్వ డెంటల్ సీటు అస్సలు తేలిక కాదు. నేను కౌన్సెలింగ్‌కి వెళ్లేనాటికి మన రాష్ట్రంలో ప్రభుత్వ డెంటల్ కాలేజీలు రెండే, ఒకటి విజయవాడలో, ఒకటి కడపలో. ఎంబీబీఎస్ కొద్దిలో తప్పిపోయి, ఇక లాంగ్ టర్మ్‌కి, అంటే మళ్లీ ఏడాది పాటు కోచింగ్‌కి, ఓపిక లేనివాళ్లంతా ముందు వాలేది ఈ రెండింటి మీదే. నాకూ అక్కడే పోయింది. రెండోసారి నా మార్కులు తొంభైకి పైగా పెరిగినా ప్రభుత్వ సీటుకు చాల్లేదు. ప్రైవేటు కాలేజీల్లో మళ్లీ మూడు మెట్లు. సగం సీట్లు కన్వీనర్ కోటా, అంటే ఎ కేటగిరీ. 35 శాతం బి కేటగిరీ, అంటే మేనేజ్‌మెంట్ సీట్లు. 15 శాతం ఎన్నారై. ఎ కేటగిరీకీ బి కేటగిరీకీ ఫీజులో నేలకూ నింగికీ ఉన్నంత తేడా. మా నాన్నలాంటివాళ్లకు ఎ కేటగిరీ వస్తే చదువు, రాకపోతే లేదు. అందుకే ఎ కేటగిరీలో, ముఖ్యంగా విజయవాడ, గుంటూరు చుట్టుపక్కల కాలేజీల్లో, పోటీ గట్టిగానే ఉంటుంది. అది దాటి కిందికి వెళితే సీన్ మారిపోతుంది. డబ్బు కట్టగలిగితే క్వాలిఫై అయినా సరిపోయే సీట్లు కనిపిస్తాయి.

ఈ రెండు ముఖాలూ మా బ్యాచ్‌లోనే చూశాను. మేం చేరిన ఏడాది దేశంలో వేల బీడీఎస్ సీట్లు మిగిలిపోతే, 2021 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు అర్హత పర్సంటైల్‌ను (రాసినవాళ్లలో నూటికి ఎంతమందిని దాటాలో చెప్పే లెక్క) 10 తగ్గించమంది. జనరల్‌కు 50 నుంచి 40కి, రిజర్వేషన్ ఉన్నవాళ్లకు 40 నుంచి 30కి. ఆ తీర్పు తర్వాతే మా క్లాసులో వెనక బెంచీలు నిండాయి. కొద్ది మార్కుల్లో ప్రభుత్వ సీటు పోయిందని ఏడ్చిన నేనూ, క్వాలిఫై కాలేదనుకుని బీఎస్సీలో చేరి మళ్లీ ఇటు వచ్చిన అమ్మాయీ పక్కపక్కన కూర్చుని ఒకే అనాటమీ పుస్తకం చదివాం. ఆ అమ్మాయి చేతి పని నాకంటే బాగుండేది. ఆ మాటకు మళ్లీ వస్తాను.

లాంగ్ టర్మ్ గురించి చెప్పాలి, ఎందుకంటే నాకు ఎక్కువ దెబ్బ తగిలింది అక్కడే. విజయవాడ శివార్లలో ఒక హాస్టల్. పొద్దున ఐదుకు స్టడీ అవర్, వారం వారం టెస్టు, టెస్టు ర్యాంకును బట్టి సెక్షన్ మారిపోవడం. చివరి సెక్షన్‌కి అక్కడ 'డెంటల్ బ్యాచ్' అని పేరు. ఒక లెక్చరర్ ఫిజిక్స్‌లో తప్పు చేసినవాళ్లను నిలబెట్టి "మీరు పళ్లు పీక్కోవడానికే" అనేవారు. పద్దెనిమిదేళ్ల పిల్లలకు ఆ మాట ఎక్కడో దిగబడిపోతుంది. ఐదేళ్ల చదువులోకి ఓడిపోయినట్టు అడుగుపెట్టిన క్లాస్‌మేట్లు నాకు చాలామంది ఉన్నారు, ఆ భావన పోవడానికి కొందరికి మూడో సంవత్సరం దాకా పట్టింది. ఆ పేరు పెట్టిన వాళ్ల మీద నాకు ఇప్పటికీ కోపమే.

2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చి హాస్టల్ మూసేశారు. మే 3న జరగాల్సిన పరీక్ష జూలై 26కి, అక్కణ్ణుంచి సెప్టెంబరు 13కి వాయిదా పడింది. మా ఇంట్లో రెండు గదులు, ఒక్క ఫోన్. నాన్న యార్డు నుంచి వచ్చాక ఆయన చొక్కా మీది మిర్చి ఘాటుకు తుమ్ములొస్తుంటే ఆ ఫోన్‌లోనే పాత పేపర్లు చేసేదాన్ని. నన్ను నిలబెట్టింది ఒక చిన్న లెక్క. 2019లో తెలియని ఫిజిక్స్ ప్రశ్నలకు ఊహించి బబుల్స్ నింపాను. కీ వచ్చాక చూసుకుంటే వాటిలో దాదాపు అన్నీ తప్పులే. వచ్చిన కొన్ని మార్కులనూ ఆ కోతలు తినేశాయి. రెండోసారి రెండు ఆప్షన్లు కచ్చితంగా కొట్టేయగలిగితేనే ముట్టుకున్నాను, లేకపోతే వదిలేశాను. పెరిగిన తొంభైలో చాలా భాగం ఫిజిక్స్ నుంచే వచ్చింది.

ఇంకొకటి. పోయినేడాది ఇన్ని మార్కులకు సీటు వచ్చింది, మనకు అంతకంటే పది ఎక్కువున్నాయి అని లెక్కలు కట్టకండి. 2024 సవరించిన ఫలితాల్లో 720కి 720 వచ్చినవాళ్లు 17 మంది. 2025లో మొదటి ర్యాంకుకే 686. పేపరు మారితే మార్కుల విలువ మారిపోతుంది. పాత జాబితాల్లో చూడాల్సింది ర్యాంకు. అది కూడా మీ కేటగిరీలో, ఏయూ (ఆంధ్రా యూనివర్సిటీ), ఎస్వీయూ (శ్రీవేంకటేశ్వర యూనివర్సిటీ) ప్రాంతాల స్థానిక లెక్కలో చూడాలి, ఎందుకంటే 85 శాతం సీట్లు స్థానికులవి. ఎంబీబీఎస్ సీట్లు పెరిగాయా అన్నదీ చూడాలి. 2023లో విజయనగరం, రాజమండ్రి, ఏలూరు, మచిలీపట్నం, నంద్యాలలో కొత్త మెడికల్ కాలేజీలు మొదలై ఒక్కోచోట 150 సీట్లు వచ్చాయి. అలాంటి ఏడాది అంచున ఉన్నవాళ్లు కొందరు ఎంబీబీఎస్‌లోకి వెళ్లిపోతారు, వాళ్ల వెనకున్నవాళ్లకు డెంటల్‌లో చోటు దొరుకుతుంది.

కౌన్సెలింగ్ జరిపేది విజయవాడలోని ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయమే. మాకు దగ్గరే అయినా ఆ ఏడాది సర్టిఫికెట్లు ఆన్‌లైన్‌లోనే పెట్టాం. ఆరో తరగతి నుంచి ఇంటర్ దాకా స్టడీ సర్టిఫికెట్లు కావాలి. ఏడో తరగతి దాంట్లో నా ఇంటిపేరు తప్పు పడిందని చివరి రోజు ముందు చూసుకున్నాం. నాన్న యార్డుకు సెలవు పెట్టి నరసరావుపేట వెళ్లి, స్కూలు మూసి ఉంటే హెడ్మాస్టరు గారి ఇల్లు వెతుక్కుని, రాత్రి తొమ్మిదింటికి కొత్త కాగితంతో దిగారు. ఆ కాగితం మడత పడకుండా అట్టముక్కల మధ్య పెట్టుకుని, బస్సులో ఒళ్లో పట్టుకుని వచ్చారు. ఆ అట్టలు ఇంకా నా దగ్గరే ఉన్నాయి.

వెబ్ ఆప్షన్లు, అంటే కోరుకునే కాలేజీల వరుస, బ్రాడీపేటలో ఒక నెట్ సెంటర్‌లో పెట్టాం. మా చుట్టూ అందరూ అమ్మానాన్నలతోనే వచ్చారు, ఎవరి చేతిలో చూసినా కాలేజీల పేర్లు రాసుకున్న చీటీ. నాన్న చీటీలో ముందు మెడికల్ కాలేజీలన్నీ ఉన్నాయి, కింద డెంటల్‌వి రెండే. "ఇది కాకపోతే ఇంకొక్క ఏడు చూద్దామా తల్లీ?" అన్నారు. తెలుగు ఇళ్లలో ఏటా ఈ ప్రశ్న ఎన్ని చోట్ల వినపడుతుందో! నేను వద్దన్నాను. దానికి కారణం అమ్మమ్మ.

లాంగ్ టర్మ్‌లో దసరా సెలవులకు వచ్చినప్పుడు కట్టుడు పళ్ల కోసం అమ్మమ్మను ఒక డెంటల్ కాలేజీ ఓపీకి తీసుకెళ్లాను. హౌస్ సర్జన్ ఒకమ్మాయి మైనంలో అమర్చిన పళ్లు అమ్మమ్మ నోట్లో పెట్టి, "మామ్మగారూ, ఒకటి నుంచి ఇరవై దాకా లెక్కపెట్టండి" అంది. మాట ఎక్కడ జారుతుందో విని, బయటికి తీసి, దీపం మీద వేడిచేసిన కత్తితో ఒక పన్ను వెంట్రుకవాసి జరిపి మళ్లీ పెట్టింది. అలా నాలుగుసార్లు. చివరికి అమ్మమ్మ అద్దంలో చూసుకుని నోటికి కొంగు అడ్డం పెట్టుకోకుండా నవ్వింది. అంతకుముందు డెంటల్ అంటే నాకు కటాఫ్ మాత్రమే. అదొక పని అనీ, చేతులతో చేసే పని అనీ ఆ రోజు తెలిసింది. అందుకే నెట్ సెంటర్‌లో నాన్న చీటీని నేను తిరగరాశాను. డెంటల్ కాలేజీలు రెండు కాదు, వరుసగా తొమ్మిది పెట్టాను. తక్కువ కాలేజీలు పెట్టి సీటు పోగొట్టుకున్నవాళ్లు నాకు తెలుసు, మనసులో లేని కాలేజీ పెట్టి ఇరుక్కున్నవాళ్లూ తెలుసు. రెండింటిలో మొదటిదే ఎక్కువ జరుగుతుంది.

ఆ రోజుల్లో నాన్నకు రోజుకు మూడు నాలుగు ఫోన్లు వచ్చేవి, మేనేజ్‌మెంట్ సీటు ఇప్పిస్తాం, ముందు అడ్వాన్స్ పంపండి అని. బి కేటగిరీ సీట్లు కూడా విశ్వవిద్యాలయమే మెరిట్ ప్రకారం నింపుతుంది. మధ్యలో ఎవరికీ పైసా ఇవ్వొద్దు. మా వీధిలో ఒకాయన ఇచ్చారు, తిరిగి రాలేదు.

ఇక మొదటి సంవత్సరం. డెంటల్ అనాటమీ ల్యాబ్‌లో చేతికి ఒక మైనపు దిమ్మ ఇస్తారు. దాంట్లోంచి పై దవడ ముందు పన్ను చెక్కాలి, కొలతలు మిల్లీమీటర్లలో. నేను మొదటిసారి చెక్కినప్పుడు రెండు గంటలు బాగానే పోయింది, చివర్లో అంచు పల్చన చేస్తుంటే కత్తి జారి ఒక మూల ఊడిపోయింది. మైనం తిరిగి అతకదు. కొత్త దిమ్మ తీసుకోవాలి, మళ్లీ మొదటి నుంచి. ఇందాక చెప్పిన అమ్మాయి, కటాఫ్ తగ్గించాక వచ్చిన అమ్మాయి, నా పక్కనే కూర్చుని గంటన్నరలో పన్ను చెక్కి, వెలుతురుకు పట్టి తిప్పి చూసుకుంది. వాళ్ల నాన్న బంగారం పని చేస్తారు. చిన్నప్పటి నుంచీ ఆకురాయి పట్టిన చెయ్యి అది. నీట్‌లో ఆ చేతికి ఒక్క మార్కూ లేదు.

మా పెద్దమ్మ కూతురు అమెరికాలో ఉంటుంది. అక్కడ ముందు డిగ్రీ చేసి, డెంటల్‌కి విడిగా పెట్టే డాట్ అనే పరీక్ష రాయాలని ఆ అక్కే చెప్పింది. అందులో చూపుకు సంబంధించిన భాగం ఒకటుంది, 60 నిమిషాల్లో 90 ప్రశ్నలు. మడిచిన కాగితానికి చిల్లు పొడిస్తే విప్పాక అది ఎక్కడెక్కడ పడుతుంది, ఈ కోణాల్లో ఏది చిన్నది, ఇలాంటివి. దానిపైన ఇంటర్వ్యూ, దంతవైద్యుల దగ్గర నిలబడి పని చూసిన అనుభవం. కెనడాలో అయితే కొన్నేళ్ల కిందటిదాకా సబ్బు చెక్కించే పరీక్షే ఉండేది. అక్కడా పోటీ తక్కువేం కాదు, ఖర్చు ఇంకా ఎక్కువ. కానీ దరఖాస్తు పెట్టేనాటికి ఆ పిల్లలకు తాము ఏ పనికి పోతున్నారో తెలిసి ఉంటుంది. మనకు ఆ పరీక్ష ఎవరూ పెట్టరు కాబట్టి మనమే పెట్టుకోవాలి. ఆప్షన్లు పెట్టేముందు ఏదైనా డెంటల్ కాలేజీ ఓపీలో ఒక పూట కూర్చోండి. పుచ్చు పన్ను వాసన, డ్రిల్ చప్పుడు, నోరు తెరవడానికి భయపడే చిన్నపిల్లలు, అన్నీ అక్కడే ఉంటాయి.

చదువు తర్వాత సంగతి కూడా దాచను. ఎండీఎస్‌కి, అంటే డెంటల్ పీజీకి, మళ్లీ విడిగా నీట్ ఉంది, 240 ప్రశ్నలు. బీడీఎస్‌తో నేరుగా క్లినిక్‌లో చేరితే మొదట్లో ఇచ్చే జీతం చిన్నది, సొంత క్లినిక్‌కు కుర్చీ, ఎక్స్‌రే, అద్దె అంటూ పెట్టుబడి కావాలి. మా సీనియర్లలో బాగా నిలదొక్కుకున్నవాళ్లు చిన్న ఊళ్లకు వెళ్లినవాళ్లే. నేను ఈసారి ఎండీఎస్‌కి రాస్తున్నాను, రాకపోతే సత్తెనపల్లి వైపు చూస్తాను.

మూడోసారి లాంగ్ టర్మ్‌కి వెళ్లాలా, వచ్చిన బీడీఎస్ తీసుకోవాలా అని అడిగేవాళ్లకు నా మాట ఇది. ఎంబీబీఎస్సే కావాలని మనసు గట్టిగా ఉండి, ఎక్కడ మార్కులు పోయాయో ప్రశ్నలతో సహా చెప్పగలిగితే వెళ్లండి. కేవలం డెంటల్ అంటే చిన్నతనం అనిపించి వెళ్లకండి.

మా పిన్ని కొడుకు ఈసారి నీట్ రాస్తున్నాడు. వాడి స్టడీ సర్టిఫికెట్లన్నీ ఇప్పుడే తెప్పించి, ఇంటిపేరు ఒక్కొక్క అక్షరం నేనే చూశాను. ఒక మైనపు దిమ్మ, నా పాత కార్వర్ (చెక్కే కత్తి) ఇచ్చి ముందు పన్ను చెక్కమన్నాను. పోయిన ఆదివారం తెచ్చి చూపించాడు. వెడల్పు సరిపోయింది, అంచు మాత్రం ఇంకా మందంగా ఉంది. "ఇంకో దిమ్మ ఉందా అక్కా?" అన్నాడు.